భాషను చదివే విద్యార్థి: అతని పని, అతని అలవాట్లు



డాక్టరు చదివేవాళ్లు ఏం చేస్తారో మనకు తెలుసు. ఇంజనీరు చదువు ఏమిటో తెలుసు. టీచర్ ట్రైనింగు చేసే అక్క ఏం నేర్చుకుంటదో కూడా తెలుసు. కాని ‘భాషాశాస్త్రం’ అనే చదువు ఒకటి ఉన్నదని మనలో ఎంతమందికి తెలుసు? ఆ చదువులో ఎం.ఏ., పిహెచ్.డి. చేసే విద్యార్థులు కోయగూడేలకు, తండాలకు పోయి అవ్వల దగ్గర, తాతల దగ్గర కూర్చొని, వాళ్లు చెప్పిన మాటలు ఒక్కొక్కటే రాసుకుంటారు. ఆ విద్యార్థి ఏం చదువుతాడు? రోజూ ఏం పని చేస్తాడు? ఏ అలవాట్లు లేకుంటే ఆ చదువు రాదు? ఆ చదువుకూ మన హాస్టలుకూ ఏమి సంబంధం? ఇవే ఈ పాఠంలోని సంగతులు.

పాఠం కొంచెం పొడుగే. ఒక్కసారే నిలబడి చదవలేకపోతే పొద్దున ప్రార్థన అయినంక సగం, సాయంత్రం ఆటలు అయినంక సగం చదవండి.

1. భాషాశాస్త్రం అంటే ఏమిటి?

భాషాశాస్త్రం అంటే పది భాషలు గడగడా మాట్లాడటం అని చాలామంది అనుకుంటారు. అది కాదు. భాష ఎట్లా తయారైంది, ఎట్లా పనిచేస్తుంది అని పరిశీలించడమే భాషాశాస్త్రం. శబ్దాలు ఏవి, శబ్దాలు కలిసి మాట ఎట్లా అవుతుంది, మాటలు కలిసి వాక్యం ఎట్లా అవుతుంది, అర్థం ఎట్లా పుడుతుంది, వెయ్యేండ్లలో భాష ఎట్లా మారింది – ఇవి అందులోని ముఖ్యమైన భాగాలు.

తెలుగు వ్యాకరణం పీరియడులో మనం ‘ఇది ఒప్పు, ఇది తప్పు’ అని నేర్చుకుంటాం. పరీక్షకు అది అవసరం. భాషాశాస్త్ర విద్యార్థి మాత్రం అట్లా చూడడు. అడవిలో చెట్లను చదివే శాస్త్రవేత్త ఇప్పచెట్టు గొప్పది, పరికిచెట్టు తక్కువది అంటాడా? అనడు. ఆకు ఎట్లా ఉన్నది, వేరు ఎట్లా ఉన్నది, పువ్వు ఎప్పుడు పూస్తది అని చూసి రాసుకుంటాడు. భాషను చదివేవాడూ అంతే. ‘వచ్చాడు’ అని ఒకరంటే రాసుకుంటాడు. ‘వచ్చిండు’ అని మనమంటే అదీ రాసుకుంటాడు. ఎవరు, ఎక్కడ, ఎవరితో అన్నారో కూడా పక్కన రాస్తాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ‘లిపి లేదు కాబట్టి అది భాష కాదు, ఉట్టి యాస’ అని కొందరు అంటారు. శాస్త్రం ప్రకారం అది తప్పు. మనిషి ముందు మాట్లాడిండు, చాలా కాలం తర్వాత రాయడం నేర్చిండు. లిపి భాషకు చొక్కా లాంటిది. చొక్కా లేనంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోతడా? తెలుగు లిపిలో కోయ రాయవచ్చు, లంబాడీ రాయవచ్చు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో అయితే గోండి భాషకు సొంత లిపిలో రాసిన పాత రాతప్రతులే దొరికినవి. ఆ లిపిని 2018లో ప్రపంచ కంప్యూటర్ అక్షరాల పట్టికలో కూడా చేర్చారు.

2. ఒక విద్యార్థి: భద్రిరాజు కృష్ణమూర్తి గారు

మన తెలుగువాళ్లలో ఈ చదువు చదివి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నవారు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. 1928 జూన్ 19న ఒంగోలులో పుట్టారు. 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఆనర్సు పూర్తిచేశారు. తర్వాత అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివి 1955లో ఎం.ఏ., 1957లో పిహెచ్.డి. పట్టాలు పొందారు.

పిహెచ్.డి. కోసం ఆయన తీసుకున్న అంశం వింటే ‘ఇంతేనా?’ అనిపిస్తది. తెలుగు క్రియల మూలాలు. వచ్చు, పోవు, తిను, తాగు, చేయు – ఇట్లాంటివి. మనం రోజుకు వందసార్లు వాడేవి. అట్లాంటి మూలాలను వెయ్యికి పైగా తీసుకొని, ఒక్కొక్కదానికీ తమిళంలో ఏమున్నది, కన్నడంలో ఏమున్నది, గోండిలో, కుయిలో, కువిలో, కొండ భాషలో ఏమున్నది అని పోల్చి చూశారు. ఆ పరిశోధన 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి పుస్తకంగా వచ్చింది.

అంత పోలిక చూసినంక తేలిందేమిటి? తెలుగుకు దగ్గరి తోబుట్టువులు ఎవరంటే మనం వెంటనే తమిళం, కన్నడం అంటాం. పుస్తకాలున్నవి, సినిమాలున్నవి కాబట్టి అవే గుర్తుకొస్తాయి. కాని కృష్ణమూర్తి గారి లెక్కలో తెలుగుకు అందరికన్నా దగ్గరివి గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలు. మన కోయ భాషను శాస్త్రజ్ఞులు గోండిలో ఒక శాఖగా లెక్కిస్తారు. అంటే తెలుగూ కోయా ఒక తల్లి బిడ్డలే. తమిళం, కన్నడం పెద్దమ్మ బిడ్డలు అనుకోండి.

ఈ సంగతి మన హాస్టల్లో అందరూ రెండుసార్లు చదవాలని నా కోరిక. తెలుగు పుట్టుక తెలియాలంటే కోయ కావాలి, గోండి కావాలి, కొండ కావాలి. మనం ‘అడవి భాష’ అని దాచుకునేదాన్ని అమెరికా యూనివర్సిటీలో దీపం పెట్టి వెతికారు.

తిరిగి వచ్చినంక కృష్ణమూర్తి గారు అరకు ప్రాంతంలోని కొండదొరల భాషను స్వయంగా విని, రాసి, దానికి వ్యాకరణం తయారుచేశారు. ఆ మాట్లాడేవాళ్లు తమ భాషను ‘కూబి’ అంటారు. ఆ పుస్తకం 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ నుంచి వెలువడింది. ఆ భాషలో ఒక విశేషం ఉన్నది. పెద్దబాలశిక్షలో ‘ఱ’ అనే అక్షరం చూసి ఉంటారు. బండి ‘ఱ’ అంటాం. ఇప్పుడు తెలుగులో దాన్నీ ‘ర’నూ ఒక్క తీరుగానే పలుకుతున్నాం. పాత తెలుగులో అవి రెండు వేర్వేరు శబ్దాలు. తెలుగు పోగొట్టుకున్న ఆ తేడా కొండ భాష మాట్లాడేవాళ్ల నాలుక మీద ఇప్పటికీ బతికే ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం కొండ భాష మాట్లాడేవాళ్లు సుమారు 60 వేల మంది. చిన్న భాషే. కాని కోట్లమంది మాట్లాడే తెలుగులో లేనిది అందులో ఉన్నది.

కృష్ణమూర్తి గారు పట్టా వచ్చిందని చదువు ఆపలేదు. 1962లో రైతులు వాడే వ్యవసాయ పదాలతో ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం, 1971లో చేనేత పదాలతో రెండవ సంపుటం ఆయన సంపాదకత్వంలో వచ్చినవి. నాగలికి, కాడికి, మగ్గానికి ఏ జిల్లాలో ఏమంటారో జిల్లాలు తిరిగి సేకరించిన మాటలు అవి. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు పెద్దగా, తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. ద్రావిడ భాషలన్నిటి గురించి తన పెద్ద పుస్తకాన్ని 2003లో, డెబ్బై దాటిన వయసులో ప్రచురించారు. అందులో 26 ద్రావిడ భాషలను లెక్కించారు. 2012 ఆగస్టు 11న కన్నుమూశారు. విద్యార్థిగా పట్టిన అలవాటు చివరిదాకా విడవలేదన్నమాట.

3. గోదావరి ఒడ్డుకు వచ్చిన ఇంకొక విద్యార్థి

మన కోయ భాష కోసమే వచ్చిన ఒక విద్యార్థి కథ కూడా తెలుసుకోవాలి. ఆయన పేరు స్టీఫెన్ టైలర్. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదువుతూ 1960ల మొదట్లో గోదావరి ప్రాంతపు కోయల మధ్యకు వచ్చారు. గోదావరి ఒడ్డున ఉండే కోయలను గొమ్ము కోయలు అంటారని మీకు తెలుసు కదా. వాళ్ల మాటనే ఆయన నేర్చుకున్నారు. 1964లో డాక్టరేటు వచ్చింది. 1969లో గొమ్ము కోయ మాండలికానికి ఆయన రాసిన వ్యాకరణం పుస్తకంగా అచ్చయింది.

ఆయన పనిలో నాకు నచ్చింది వరసల సంగతి. పరాయివాడు వస్తే ఏం చేస్తడు? ‘అన్నను ఏమంటారు? మామను ఏమంటారు?’ అని అడిగి పట్టిక రాసుకొని పోతడు. టైలర్ అక్కడ ఆగలేదు. ఒకే మనిషిని ఎవరి ముందర ఏ వరస పెట్టి పిలుస్తున్నారు, చోటు మారితే, వినేవాళ్లు మారితే పిలుపు ఎట్లా మారుతున్నది అని గమనించారు. దాని మీద 1966లో ఒక వ్యాసం రాశారు. మనకిది కొత్త కాదు. ఇంట్లో ‘ఓ బావా’ అని పిలిచే మనిషే బడికి సారుగా వస్తే ‘సార్’ అంటాం. మనం రోజూ చేసేదే. చూసి రాసినోడు శాస్త్రవేత్త అయిండు. మనం రాయలేదు, అంతే తేడా.

వీళ్లిద్దరికన్నా ముందే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకొని 1931లో సవర భాష మీద పుస్తకాన్ని, 1938లో నిఘంటువును ప్రకటించారు. ఆయన ఏ యూనివర్సిటీలోనూ భాషాశాస్త్రం చదవలేదు. చెవి, నోటుబుక్కు, ఓపిక – ఈ మూడే ఆయన ఆస్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు బడిలో సవరల పేరు కూడా ఒకసారి తలుచుకుంటే బాగుంటది.

4. అతని అలవాట్లు

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ చదువు చదివేవాళ్లకు ఉండవలసిన అలవాట్లు ఇవి. అబ్బాయికైనా, అమ్మాయికైనా ఇవే.

(అ) ముందు వినడం. యూనివర్సిటీలో ఉన్నప్పుడు పొద్దున క్లాసులు, మధ్యాహ్నం లైబ్రరీ. ఊరికి పోయినప్పుడు మాత్రం ఊరి టైమే అతని టైము. పొలం పనులు, మిర్చి ఏరుడు, తునికాకు కోతలు ఉన్నప్పుడు ఎవరూ ఖాళీగా కూర్చొని మాటలు చెప్పరు. అందుకని వాళ్ల వెంట పోతాడు, పని చేస్తూ వింటాడు. దీపాలు పెట్టినంక బువ్వ తిని అందరూ అరుగు మీద చేరినప్పుడు నోటుబుక్కు తీస్తాడు. తాను తక్కువ మాట్లాడతాడు.

(ఆ) విన్నది విన్నట్టే రాయడం. ఇది అన్నిటికన్నా కష్టమైన అలవాటు. మన చెవి తెలుగుకు అలవాటు పడ్డది. కొత్త శబ్దం వినబడితే దానికి దగ్గరగా ఉన్న తెలుగు అక్షరం రాసేస్తాం. అట్లా రాస్తే అసలు శబ్దం పోయినట్టే. అందుకే ప్రపంచంలోని శబ్దాలన్నిటికీ ఒక్కో గుర్తు పెట్టిన ‘అంతర్జాతీయ ధ్వని లిపి’ని ఈ విద్యార్థులు మొదటి ఏడాదే నేర్చుకుంటారు. అది 1888లో మొదలైంది. అద్దం ముందర నిలబడి నాలుక ఎక్కడ తగులుతున్నది, పెదవులు ఎట్లా కదులుతున్నవి అని చూసుకుంటూ సాధన చేస్తారు. చూసేవాళ్లకు పిచ్చిగా కనిపించినా అది వాళ్ల హోంవర్కు!

(ఇ) జంటలు వెతకడం. ఒక భాషలో ఏ శబ్దాలు ముఖ్యమో ఎట్లా తెలుస్తది? ఒక్క శబ్దం మారిస్తే అర్థం మారే జంటలు వెతుకుతారు. తెలుగులో చూడండి: తడి – దడి. కట్టు – గట్టు. పండి – బండి. గది – గాది. ఒక్క శబ్దమే మారింది, వస్తువే మారిపోయింది. కాబట్టి తెలుగులో త, ద వేరు. క, గ వేరు. ప, బ వేరు. పొట్టి అచ్చు, పొడుగు అచ్చు వేరు. ఇట్లాగే కోయలో, లంబాడీలో జంటలు వెతికి ఆ భాష అక్షరమాలను తయారుచేయవచ్చు.

(ఈ) ఒక్క మాటకు ఒక్క కార్డు. పాత రోజుల్లో పరిశోధకుల గది నిండా అట్టపెట్టెలు, వాటి నిండా కార్డులు ఉండేవి. కార్డు మీద మాట, దాని అర్థం, ఒక వాక్యం, చెప్పిన ఊరు, చెప్పినవారి వయసు, తేదీ రాయాలి. కార్డులైతే ఎట్లా కావాలంటే అట్లా పేర్చుకోవచ్చు: చెట్ల పేర్లు ఒక దిక్కు, వరసలు ఒక దిక్కు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తున్నది, ఫోనులో గొంతు రికార్డు అవుతున్నది. కాని తేదీ, ఊరు రాయని మాట ఎప్పటికైనా చిల్లులు పడ్డ కుండే.

(ఉ) ఏ రోజుది ఆ రోజే సాపు చేయడం. పగలు గబగబా గీకిన రాతను రాత్రి పడుకునే ముందు శుభ్రంగా తిరగరాయాలి. రేపటికి వాయిదా వేస్తే తన రాత తనకే అర్థం కాదు. రికార్డు చేసిన ఒక గంట ముచ్చటను అక్షరాల్లో పెట్టడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఈ చదువులో తెలివికన్నా ఓపికకే ఎక్కువ మార్కులు.

(ఊ) తిరిగి పలికి చూపించడం. రాసుకున్నదాన్ని చెప్పిన మనిషికే తిరిగి చదివి వినిపించాలి. వాళ్లు నవ్వితే తప్పు పలికినట్టు. మళ్లీ పలకాలి. వాళ్లు తల ఊపేదాకా పలకాలి. ఆ నవ్వుకు రోషపడేవాడు ఈ చదువుకు పనికిరాడు. అక్కడ గురువు అవ్వ, శిష్యుడు యూనివర్సిటీ విద్యార్థి.

(ఋ) ముగ్గురిని అడగడం. ఒక్కరు చెప్పింది ఒక్కరి మాట. ముసలమ్మను అడగాలి, నడివయసువాళ్లను అడగాలి, పిల్లలను అడగాలి. ముగ్గురూ మూడు తీర్లు చెబితే ముగ్గురివీ రాయాలి. మార్పు ఎటు పోతున్నదో అక్కడే తెలుస్తది.

(ౠ) మర్యాద. ‘మీ మాట రాసుకోవచ్చునా?’ అని ముందే అడగాలి. వద్దన్న సంగతి రాయకూడదు. దేవుళ్ల ముచ్చట్లు, ఇంటి ముచ్చట్లు కొన్ని బయట చెప్పరు. మాట ఇచ్చినవాళ్లకు పుస్తకంలో కృతజ్ఞత చెప్పాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అమ్మ పెట్టినంక చెయ్యి కడుక్కొని మరిచిపోవడం కూడా పద్ధతి కాదు.

5. ఒక మాటను పట్టుకొని చూద్దాం

అలవాట్లు చెప్పుకున్నాం. ఇప్పుడు పని చేసి చూద్దాం. మన భోజనాల దగ్గర ఒకరికి నీళ్లు కావాలి. ఇంటి భాషలో ఏమంటాం? కోయ పిల్లలు ‘ఏరు’ అంటారు. లంబాడీ పిల్లలు ‘పాణి’ అంటారు. నాయకపోడు పిల్లలు ‘నీళ్లు’ అంటారు. ఒక్క బక్కెటుకు మూడు మాటలు!

తెలుగులో కూడా ‘ఏరు’ ఉన్నది. పారే ఏరు. కోయలో ఏరు అంటే నీళ్లు, తెలుగులో నీళ్లు పారే వాగు. ఒక్క మూటలోని మాట రెండు ఇండ్లలో కొంచెం వేరు వేరు అర్థాలతో బతుకుతున్నది. అట్లాగే గోండి, కోయలలో ‘నారు’ లేదా ‘నార్’ అంటే ఊరు. తెలుగులో నారు అంటే వరినారు గుర్తుకొస్తది. కాని దానికీ దీనికీ సంబంధం లేదు. ఊరు అనే ‘నారు’కు తెలుగులో చుట్టం ‘నాడు’. పల్నాడు, వెలనాడు అంటాం చూడండి, ఆ నాడు. కాబట్టి వినడానికి ఒక్క తీరుగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపవద్దు.

మరి చుట్టరికం ఎట్లా తేలుతుంది? ఈ పట్టిక చూడండి.

తెలుగు: చెయ్యి. కన్నడం: కై. గోండి: కయ్.
తెలుగు: చెవి. కన్నడం: కివి. గోండి: కెవి, కవి.
తెలుగు: చేయు. పాత కన్నడం: కెయ్. గోండి: కీ.

ఏం కనిపించింది? తెలుగులో ‘చ’ ఉన్నచోట గోండిలో, కన్నడంలో ‘క’ ఉన్నది. ఒక్క మాటలో అయితే ఏదో కలిసిందిలే అనుకోవచ్చు. మూడు మాటల్లో ఒక్క తీరుగా వచ్చింది. ఇదే నియమం. పాత రోజుల్లో ఈ మాటల్లో ‘క’ ఉండేది, తెలుగులో అది ‘చ’గా మారింది, గోండిలో మారలేదు అని శాస్త్రజ్ఞులు తేల్చారు. అంటే ఈ మాటల్లో గోండి అవ్వ పలుకు తెలుగు పండితుని పలుకుకన్నా పాతది!

లంబాడీ మిత్రులు ‘మా సంగతేంది?’ అని అడుగుతారు. లంబాడీ ఈ కుటుంబం కాదు. రాజస్థాన్ దిక్కు నుంచి వచ్చిన భాష. హిందీ, గుజరాతీ, మరాఠీ దాని చుట్టాలు. లంబాడీలో పాణి, హిందీలో పానీ. లంబాడీలో ఘర్, హిందీలో ఘర్. లంబాడీలో హాత్, హిందీలో హాథ్. హిందీ పరీక్షకు తెలుగు పిల్లలు బట్టీ పట్టే మాటలు లంబాడీ పిల్లలకు ఇంట్లోనే వచ్చినవి. కాని ‘యాడి’ అని అమ్మను పిలిచే తియ్యని మాట ఆ హిందీ పుస్తకంలో లేదు. ఎరుకల పిల్లల ఇంటి భాష మళ్లీ ద్రావిడమే, తమిళానికి దగ్గరిది. ఒక్క హాస్టలు కప్పు కింద ఇన్ని దారులు కలిసినవి. ఏ యూనివర్సిటీ విద్యార్థికైనా ఇది పెద్ద గని.

మాటలే కాదు, వాక్యాలు కూడా చూడాలి. తెలుగులో ‘అక్క వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అంటాం. ఒక్కరైతే ఆడవాళ్లకూ పశువులకూ క్రియ ఒక్కటే. ఎక్కువమంది అయితే ‘అక్కలు వచ్చారు’, ‘ఆవులు వచ్చాయి’ అని వేరు చేస్తాం. గోండి, కోయలలో ఎక్కువమంది అయినా మగవాళ్లది ఒక వరస, మిగతా అందరిదీ ఒక వరస. ఇది ఎవరినీ చిన్నచేయడం కాదు. ఏ భాష ఏ సామాను ఏ గూట్లో పెడుతుందో దాని పద్ధతి. ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్లో ఎట్లా అంటారో అడిగి రాసుకురండి.

6. ఈ చదువు ఎవరికి పనికొస్తుంది?

‘మాటలు రాసుకుంటే కడుపు నిండుతదా?’ అని ఇంట్లో అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలి.

ఒకటి: చిన్నపిల్లలకు బడి మొదటి రోజు ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. సారు చెప్పేది అర్థం కాదు. మనం చెప్పేది సారుకు అర్థం కాదు. ఇంటి భాషతో మొదలుపెడితే ఆ భయం పోతుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయ, గోండి, కొలామి, కొండ, కువి, సవర, బంజారా వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తెలుగు లిపిలో మొదలుపెట్టింది. అట్లాంటి పుస్తకాలు రాయాలంటే భాష తెలిసినవాళ్లు, భాషాశాస్త్రం తెలిసినవాళ్లు కావాలి. రెండూ తెలిసిన మనిషి ఒక్కరే అయితే ఇంకెంత మంచిది!

రెండు: నిఘంటువులు చేయడానికి, కంప్యూటరుకు భాష నేర్పడానికి, దవాఖానల్లో, కోర్టుల్లో మాట అటు ఇటు చేర్చడానికి ఈ చదువు పనికొస్తది.

మూడు: ఇది డబ్బుతో కొలిచేది కాదు. 2011 జనాభా లెక్కల్లో కోయ తమ మాతృభాష అని రాయించినవాళ్లు 4,07,423 మంది. నాలుగు లక్షలు పెద్ద లెక్కే. కాని లెక్కలో ఉన్నవాళ్ల పిల్లలు ఇంట్లో ఆ భాష మాట్లాడకపోతే తర్వాతి లెక్క ఎట్లా ఉంటది? ఒక అవ్వ కాలం చేస్తే ఆమెతో పాటు ఎన్ని చెట్ల పేర్లు, ఎన్ని చేపల పేర్లు, ఎన్ని వానల పేర్లు పోతాయో ఎవరు లెక్కపెట్టిండ్రు? చెట్టు అడవిలో ఉంటది, పేరు మాత్రం ఉండదు. పేరు లేని చెట్టు మందు కూడా ఎవరికీ తెలియదు.

ఇప్పటిదాకా మన భాషల మీద వచ్చిన మంచి పుస్తకాలు చాలావరకు బయటివాళ్లు రాసినవే. వాళ్లు శ్రమపడ్డారు, వాళ్లకు దండం పెట్టాలి. కాని వాళ్లు ఏండ్లకొద్దీ కష్టపడి నేర్చుకున్నది మనకు పాలతో వచ్చింది. పరుగు పందెంలో మనం సగం దూరం ముందే నిలబడి ఉన్నాం. మిగతా సగం పరుగెత్తాలి, అంతే.

7. ఎక్కడ చదవాలి?

ఇంటర్, డిగ్రీ అయినంక ఎం.ఏ. భాషాశాస్త్రంలో చేరవచ్చు. చాలాచోట్ల డిగ్రీలో ఏ సబ్జెక్టు చదివినా చేర్చుకుంటారు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇంగ్లీషు విదేశీ భాషల విశ్వవిద్యాలయం – ఈ మూడింటిలో ఈ చదువు ఉన్నది. మన వరంగల్లులోనే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నది. అక్కడ మన పాటలు, కథలు, ఆచారాల మీద చదువు చెబుతారు. 1969లో మైసూరులో స్థాపించిన భారతీయ భాషల కేంద్ర సంస్థ దేశంలోని భాషలన్నిటి మీద పని చేస్తున్నది. ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ తల్లుల పేరున్న చోట మన భాషలు చదివే రోజు రావాలి. చదివేది మనమే కావాలి.

8. అభ్యాసం

(1) మీ ఇంటి భాషలో ఒక్క శబ్దం మారితే అర్థం మారే జంటలు ఐదు రాయండి.
(2) నీళ్లు, నిప్పు, ఇల్లు, కన్ను, చెయ్యి, చెవి, చెట్టు, చేప, చంద్రుడు, ఒకటి – ఈ పది మాటలు మీ భాషలో రాయండి. మీ పక్క మంచం మిత్రుని భాషలో కూడా అడిగి రాయండి.
(3) ‘నేను వచ్చిన, నువ్వు వచ్చినవ్, వాడు వచ్చిండు, ఆమె వచ్చింది, వాళ్లు వచ్చిండ్రు’ – ఇవి మీ భాషలో రాసి, మాట చివర ఏం మారుతున్నదో గీత గీయండి.
(4) సెలవులకో, మేడారం జాతరకో ఇంటికి పోయినప్పుడు అవ్వనో తాతనో అడిగి అడవిలోని ఇరవై చెట్ల పేర్లు రాసుకురండి. ఊరు, తేదీ, చెప్పినవారి వయసు మరువవద్దు.

వార్డెన్ సార్లకు, మేడం గార్లకు ఒక విన్నపం. ఈ గోడపత్రిక పక్కనే దారం కట్టి ఒక పెద్ద నోటుబుక్కు వేలాడదీయడానికి అనుమతి ఇవ్వండి. దానికి ‘మన ఇంటి మాటలు’ అని పేరు పెడదాం. రోజుకు ఒక్కొక్కరు ఒక్క మాట రాసినా, ఏడాది తిరిగేసరికి ఏ పుస్తకాల దుకాణంలోనూ దొరకని పుస్తకం మన హాస్టల్లో ఉంటుంది. ఇంకొక మాట కూడా. ఎవరైనా తమ భాషలో మాట్లాడుకుంటుంటే ‘ఏంటా భాష?’ అని నవ్వకుండా, ‘ఆ మాటకు అర్థమేంది?’ అని అడుగుదాం. ఆ ఒక్క ప్రశ్నతోనే భాషాశాస్త్రం మొదలవుతుంది.

మొదటి పేజీలో మొదటి మాట ఎవరు రాస్తారు?